మజిల్ లోడర్ తుపాకి స్కోప్

మజిల్ లోడర్ తుపాకి స్కోప్ అనగా గొట్టపు మూతి నుండి మందు, గుండు దట్టించి పేల్చే తుపాకిపై గురి చూడటానికి అమర్చే చిన్న దూరదర్శిని. తెలుగునాట నాటు తుపాకులుగా పిలవబడేవాటిలో ఈ రకం తుపాకులు ఉన్నాయి. స్కోప్ గురిని స్పష్టంగా చూపుతుంది గాని గుండు పోయే దారిని మార్చదు. కనుక స్కోప్ కొనాలా వద్దా అన్నది మొదట తుపాకి గొట్టాన్ని బట్టి, ఆపై చట్టాన్ని బట్టి నిర్ణయించవలసి ఉంటుంది.

గొట్టంలో రకాలు

ఈ తుపాకిలో వాడే నల్లమందులో సుమారు 75 పాళ్ళు పెట్లుప్పు, 15 పాళ్ళు బొగ్గు, 10 పాళ్ళు గంధకం ఉంటాయి. మందుపై గుండును ఉంచి ఊచతో దట్టిస్తారు. మీట నొక్కినపుడు సుత్తి వంటి భాగం చిన్న రాగి టోపీపై పడి నిప్పు పుట్టిస్తుంది.

నున్నని గొట్టంలో గుండు కొంత వదులుగా ఉండి అటూ ఇటూ తగులుతూ వెలువడుతుంది. అందువలన దూరం పెరిగేకొద్దీ గురి తప్పుతుంది. లోపల మెలి తిరిగిన గాళ్ళు ఉన్న గొట్టాన్ని రైఫిల్ గొట్టం అంటారు. ఆ గాళ్ళ వలన గుండు బొంగరంలా తిరుగుతూ నిలకడగా పోతుంది. 1849లో ఫ్రాన్సుకు చెందిన మినియే రూపొందించిన గుండు, 1853 నాటి ఎన్‌ఫీల్డ్ రైఫిల్ ఈ పద్ధతిని సైన్యాలలో వ్యాపింపజేశాయి. 1985లో అమెరికాలో టోనీ నైట్ తయారుచేసిన ఎం.కె.-85 వంటి ఆధునిక తుపాకులకు స్కోప్ బిగించడం సులువు. స్కోప్ ప్రయోజనం ఇటువంటి రైఫిల్ గొట్టాలకే ఎక్కువ.

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతం

కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంగా పేరొందిన జగ్గయ్యపేట, నందిగామలు 2022 ఏప్రిల్ 4 నుండి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. ఇక్కడ ప్రత్తి, మిరప ముఖ్యమైన పంటలు. తెలుగు రాష్ట్రాలలో మొక్కజొన్న, వేరుశనగ వంటి పైర్లకు అడవి పందుల బెడద ఉంది. పంట రక్షణకై మజిల్ లోడర్ తుపాకికి లైసెన్సు ఇచ్చే వీలు 1959 నాటి ఆయుధ చట్టం 13వ సెక్షనులో ఉంది. అది చాలదని అధికారి భావిస్తే మరొక నున్నని గొట్టపు తుపాకికి అనుమతించవచ్చు.

అయితే తుపాకి లైసెన్సు వేటకు అనుమతి కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధిస్తుంది. 2022 సవరణ తరువాత అడవి పంది రెండవ షెడ్యూలులో ఉంది. పైరును నాశనం చేసే పందిని చంపాలన్నా 11వ సెక్షను క్రింద అటవీ అధికారి వ్రాతపూర్వక ఉత్తర్వు కావాలి. నున్నని గొట్టపు తుపాకి కలిగిన రైతుకు స్కోప్‌పై పెట్టే ఖర్చు వృథా. దగ్గరి దూరానికి గొట్టంపై ఉండే మామూలు గురి సరిపోతుంది.

ఎంపికలో చూడవలసినవి

వేట చట్టబద్ధమైన దేశాలలో రైఫిల్ గొట్టపు మజిల్ లోడర్‌కు తక్కువ ఖర్చులో స్కోప్ ఎంచుకొనేవారు ఈ క్రింది విషయాలు గమనిస్తారు.

* పెంపు: 2-7×32 అనగా వస్తువును 2 నుండి 7 రెట్లు దగ్గరగా చూపేది, ముందు కటకం 32 మిల్లీమీటర్లు కలది అని అర్థం. 100 మీటర్ల దూరానికి 4 రెట్లు చాలు. పెంపు మార్చే వీలులేని 4×32 రకం సాధారణంగా మరింత చౌక.
* వెలుగు: కటకం వ్యాసాన్ని పెంపుతో భాగిస్తే కంటికి చేరే వెలుగు వలయం వస్తుంది. 32ను 4తో భాగిస్తే 8 మిల్లీమీటర్లు. చీకటిలో మనిషి కంటిపాప సుమారు 7 మిల్లీమీటర్లే విప్పారుతుంది గనుక పెద్ద కటకానికి ఎక్కువ ధర పెట్టనక్కరలేదు.
* కంటి దూరం: తుపాకి వెనుకకు తన్నినపుడు స్కోప్ అంచు కనుబొమను చీల్చగలదు. కన్నుకు, స్కోప్‌కు మధ్య కనీసం 9 సెంటీమీటర్ల ఎడం ఉండాలి.
* తేమ: లోపల నత్రజని నింపి మూసిన స్కోప్‌లో ఆవిరి పట్టదు.
* బిగింపు: స్కోప్‌ను పట్టి ఉంచే కడియాలు వదులైతే ఎంత ఖరీదైన స్కోప్ అయినా గురి నిలవదు. పొదుపు ఇక్కడ పనికిరాదు.

పరిమితులు, జాగ్రత్తలు

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో మజిల్ లోడర్లకు కేటాయించిన వేట కాలంలో స్కోప్ వాడరాదు. స్కోప్‌తో జంతువును వెదకడం ఎక్కడైనా ప్రమాదకరం. స్కోప్ ఎటు తిరిగితే తుపాకి మూతి అటే తిరుగుతుంది. చేలో కదిలే నీడ కాపలా మనిషిదైనా కావచ్చు. అందుకే వెదకడానికి బైనాక్యులర్ వాడి, జంతువును, దాని వెనుక ఉన్న స్థలాన్ని రూఢి చేసుకొన్న తరువాతనే గురి చూడాలి.

ఇవి కూడా చూడండి

* తుపాకి
* దూరదర్శిని
* అడవి పంది
* వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972