పొట్టలోని పరివారం, పాదాలలో మంటలు

బోధనులో చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజులలో చెరుకు బండ్లవాళ్ళకు ఎప్పుడూ ఒకటే తొందర. నరికిన చెరుకు త్వరగా మరలకు చేరకపోతే రసం చెడిపోతుంది. మంజీర నది మీద నిజాంసాగరు ఆనకట్ట 1931లో పూర్తయింది. ఆ కాలవల నీటితో నిజామాబాదు జిల్లాలో చెరుకు విస్తారంగా పండింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. దానితోపాటు శక్కర్‌నగర్ వెలిసింది. 2015 చివర ఫ్యాక్టరీ మూతపడింది. కాని చెరుకు గుణం మారలేదు గదా! నరికిన గడను రెండు మూడు రోజులు ఎండలో ఉంచి అప్పుడు రసం తీస్తే అది పుల్లని వాసన వేస్తుంది. వేళ్ళకు జిగురుగా తగులుతుంది.

ఈ పని చేసేది కంటికి కనిపించని ఒక సూక్ష్మజీవి. దాని పేరు ల్యూకోనాస్టాక్. గడను నరికినచోట లోపల ప్రవేశించి, చక్కెరను తిని, డెక్‌స్ట్రాన్ అనే జిగురును తయారు చేస్తుంది. ఆ జిగురు ఫ్యాక్టరీలో వడపోత గుడ్డలను మూసేస్తుంది. చక్కెర పట్టేవాళ్ళకు అది దొంగ. అయితే ఆ దొంగే రాత్రిపూట మీ అమ్మ రుబ్బి ఉంచిన ఇడ్లీ పిండిలో చేరి, తెల్లవారేసరికి పిండిని పొంగిస్తుంది! అక్కడ దానిని ఎవరూ తిట్టరు. సూక్ష్మజీవి మంచిదా, చెడ్డదా అన్నది అది ఎక్కడ ఉన్నది, ఏం చేస్తున్నది అన్నదానిని బట్టి ఉంటుంది.

మన పొట్టలోనూ అంతే. పెద్దప్రేవులో కోట్లానుకోట్ల సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. మనం అరిగించుకోలేని పీచును అవి తింటాయి, తిని రకరకాల పదార్థాలను విడుస్తాయి. వాటిలో కొన్ని రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతాయి. కనక పొట్టలో జరిగే పనికి ఎక్కడో అరికాలిలో ఉన్న నరానికి సంబంధం ఉన్నదంటే ఆశ్చర్యపడనక్కరలేదు.

మీ ఇంట్లో తాతయ్యో అమ్మమ్మో, “కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయిరా, అరికాళ్ళు మండుతున్నాయి, సూదులతో పొడిచినట్టుంది” అనటం విన్నారా? కాలికి దెబ్బ లేదు, పుండు లేదు. అయినా నొప్పి ఉన్నది. జబ్బు నరంలో ఉన్నది. కరెంటు తీగకు రబ్బరు తొడుగు ఉన్నట్టే మన నరాలకూ ఒక కొవ్వు తొడుగు ఉంటుంది. అది చెడిపోతే కబుర్లు తారుమారవుతాయి: ఏమీ తగలకపోయినా తగిలినట్టు, చల్లని నేల మీద నిలబడినా కాలినట్టు అనిపిస్తుంది.

ఆ తొడుగు చెడకుండా ఉండటానికి కావలసినవాటిలో ముఖ్యమైనది బి12 విటమిను. రోజుకు మనకు కావలసింది ఎంత? ఒక గ్రామును 10 లక్షల భాగాలు చేస్తే అందులో రెండో మూడో భాగాలు. అంతే! కాని ఆ కాస్త విటమినును ఏ చెట్టూ తయారు చేయలేదు, ఏ జంతువూ తయారు చేయలేదు. ఈ లోకంలో దానిని తయారు చేయగలిగినవి సూక్ష్మజీవులు మాత్రమే.

అయితే మన పొట్టలోనే అవి ఉన్నవి గదా, ఇక కొరత ఏమిటి? ఇక్కడే ఉన్నది తమాషా. బి12ను శరీరం పీల్చుకునేది చిన్నప్రేవు చివరి భాగంలో. సూక్ష్మజీవులు ఎక్కువగా ఉండేది దాని తరువాత వచ్చే పెద్దప్రేవులో. అక్కడ అవి తయారు చేసిన బి12 వెనక్కు రాలేదు. బస్సు వెళ్ళిపోయిన తరువాత బస్టాండుకు చేరిన ప్రయాణీకుడి వంటిదే దాని గతి. ఆవుకూ గేదెకూ ఈ చిక్కు లేదు. వాటికి సూక్ష్మజీవులు మొదటి పొట్టలోనే ఉంటాయి. అవి తయారు చేసిన బి12 చిన్నప్రేవు మీదుగా పోతుంది. అందుకే పాలలో, పెరుగులో, గుడ్డులో, చేపలో, మాంసంలో మనకు బి12 దొరుకుతుంది. జొన్నరొట్టెలో లేదు, పప్పులో లేదు.

సూక్ష్మజీవులు ఉండవలసినచోట కాక చిన్నప్రేవులో విపరీతంగా పెరిగితే? అప్పుడు అవి మనకు రావలసిన బి12ను తామే కాజేస్తాయి. ప్రేవు లోపలి పొర కూడా పాడవుతుంది. తిన్నది ఒంటబట్టదు. విరేచనాలు, పాలిపోవటం, కాళ్ళ తిమ్మిరి వస్తాయి. ఉష్ణదేశాలలో ఇల్లా వచ్చే గ్రహణి జబ్బును స్ప్రూ అంటారు. ఈ జబ్బు ఒక తెలుగు ఇంట్లో చాలా ఘోరం చేసింది.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. ఆయన మద్రాసులో వైద్యం చదువుకునే కాలంలో ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ జబ్బుతో పోయారు. తరువాత అదే జబ్బు ఆయనకూ వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో బతికి బయటపడ్డారు. 1923లో అమెరికా వెళ్ళారు. తరువాత లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకు నాయకులయ్యారు.

అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లం అనే విటమిను వెంట పడింది. అది కార్జంలో ఉన్నది. కాని అతి స్వల్పం. ఎంత ఉన్నదో కొలిచేదెల్లా? లాక్టోబాసిల్లస్ కేసి అనే సూక్ష్మజీవికి ఫోలిక్ ఆమ్లం లేకపోతే పెరుగుదల ఉండదు. ఆ జీవి ఎంత గుబురుగా పెరిగితే అంత విటమిను ఉన్నట్టు లెక్క. సూక్ష్మజీవినే తక్కెడ చేశారన్నమాట! 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేయగలిగారు. వెంటనే టామ్ స్పైస్ అనే వైద్యుడు క్యూబాలో, ప్యోర్టోరికోలో స్ప్రూ రోగులకు ఇచ్చి చూస్తే వాళ్ళు కోలుకున్నారు.

అయితే ఒక హెచ్చరిక బయటపడింది. బి12 కొరతతో వచ్చిన రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడింది. నరాలు బాగుపడలేదు, ఇంకా చెడ్డాయి కూడా. మొహంలో కళ వచ్చింది గదా అని ఊరుకుంటే లోపల నరాలు పోతున్నాయి. బి12 విటమిను 1948లో దొరికింది. సుబ్బారావు గారి పరిశోధనశాల నుంచి ఆరియోమైసిన్ అనే మందు వచ్చిందీ ఆ ఏడే. సూక్ష్మజీవులను చంపే టెట్రాసైక్లిన్ జాతి మందులలో అది మొదటిది. 1948 ఆగస్టులో ఆయన పోయారు. ఈనాడు స్ప్రూ రోగికి ఇచ్చేది ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్, అవసరమైతే బి12. సోదరులను తీసుకుపోయిన జబ్బుకు మూడు మందులైతే, అందులో రెంటి వెనక ఆయన చెయ్యి ఉన్నది.

అరికాళ్ళ మంటలను గురించి మన దేశంలోనే పరిశోధించినవారు సి. గోపాలన్ గారు. పాంటోథెనిక్ ఆమ్లం అనే మరొక బి విటమిను ఇస్తే ఆ మంటలు తగ్గాయని 1946లో ప్రకటించారు. ఆయన పనిచేసిన పోషకాహార పరిశోధనశాల కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే.

విటమినులతో కథ అయిపోలేదు. 2017లో అమెరికాలోని బోస్టన్‌లో శాస్త్రజ్ఞులు ఎలుకలకు ఒక కాన్సరు మందు ఇచ్చారు. ఆ మందు వల్ల నరాల నొప్పి వస్తుంది. పొట్టలోని సూక్ష్మజీవులను ముందుగా నిర్మూలించిన ఎలుకలలో ఆ నొప్పి బాగా తగ్గింది. వాటిని తిరిగి ప్రవేశపెడితే నొప్పీ తిరిగి వచ్చింది. సరే, అయితే సూక్ష్మజీవులు శత్రువులేనా? 2022లో లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ వాళ్ళు ఇంకో సంగతి కనిపెట్టారు. రోజు విడిచి రోజు పస్తున్న ఎలుకల ప్రేవులలో ఒక జాతి సూక్ష్మజీవి ఒక పదార్థాన్ని విడుస్తుంది. అది రక్తంలో చేరి, నలిగిన తొడ నరం తిరిగి పెరగటానికి తోడ్పడుతుంది. ఇవన్నీ ఎలుకల సంగతులు సుమా! వీటిని చూసి ఎవరూ పస్తులుండనక్కరలేదు.

మన ఇళ్ళలో ఈనాడు అరికాళ్ళ మంటలకు పెద్ద కారణం చక్కెర జబ్బు. దానికి ఎక్కువమంది వాడే మాత్ర మెట్‌ఫార్మిన్. మంచి మందే, కాని ఏళ్ళ తరబడి వాడితే కొందరిలో ప్రేవు బి12ను సరిగా పీల్చుకోదు. అప్పుడు మంట చక్కెర వల్ల వచ్చిందో, బి12 తగ్గి వచ్చిందో పైకి చూస్తే తెలియదు. మాత్ర మానకూడదు, కాళ్ళు మండుతున్నాయని డాక్టరుకు చెప్పి, బి12 కోసం రక్తపరీక్ష చేయించుకోవాలి. తక్కువని తేలితే బి12 మాత్రలో సూదిమందో ఇస్తారు. ఆ సూదిమందులోని బి12ను కూడా పెద్ద పెద్ద తొట్లలో సూక్ష్మజీవులను పెంచే తయారు చేస్తారు.