షెల్ ఆప్షన్లు

ఆదేశాలను టైపు చేసి కంప్యూటర్‌తో పని చేయించే చోటు కమాండ్ లైన్. వాటిని చదివి అమలు చేసేది షెల్. 1989లో బ్రయాన్ ఫాక్స్ తెచ్చిన బాష్ షెల్‌లలో పేరున్నది.

ఆదేశాలను ఒక ఫైల్లో వరసగా రాసిపెడితే అది స్క్రిప్టు. నడిపేటప్పుడు దాని పేరు పక్కన ఇచ్చే వివరాలు ఆర్గ్యుమెంట్లు. ఉదాహరణకు, తిరుపతి దగ్గర గాదంకిలో 53 మెగాహెర్ట్జ్‌పై పనిచేసే వాతావరణ రాడార్ ఉంది. అలాంటి రాడార్ ఇచ్చే డేటాను తేదీలవారీగా సర్దే స్క్రిప్టు ఉందనుకుందాం. మొదట ఇచ్చిన తేదీ $1లో, రెండోది $2లో చేరతాయి. ఎన్ని ఇచ్చామో $# చెబుతుంది. ఇచ్చిన వివరంలో ఖాళీ ఉంటే రెండు ముక్కలు కాకుండా "$1" అని కోట్ గుర్తుల మధ్య రాయాలి.

తేదీ ఇవ్వడం మరిచిపోతే? బాష్ ఆ చోటును ఖాళీగా వదిలి ముందుకు పోతుంది. ‘ఆ తేదీ ఫోల్డరు చెరిపెయ్’ అన్న ఆదేశం మొత్తం డేటాకే ఎసరు పెట్టొచ్చు. షెల్ పనితీరును మార్చే ఆప్షన్లు అక్కరకొచ్చేది ఇక్కడే. స్క్రిప్టు మొదట్లో ‘సెట్ -యు’ అని పెడితే, విలువ ఇవ్వని $1 లాంటిది తగలగానే స్క్రిప్టు ఆగిపోతుంది. ‘సెట్ -ఈ’ పెడితే ఆదేశం విఫలమైనప్పుడు ఆగుతుంది; ‘ఇఫ్’ షరతులో విఫలమైతే మాత్రం ఆగదు. మైనస్ గుర్తు ఆప్షన్‌ను ఆన్ చేస్తుంది, ప్లస్ గుర్తు ఆపేస్తుంది.