‘మనం గెలిచాం’ - ఎవరా ‘మనం’?

క్రికెట్ పోటీ జరిగిన మర్నాడు బడిలో, ప్రార్థన గంట కొట్టేలోగా వినిపించే మాటల్ని ఎప్పుడైనా శ్రద్ధగా విన్నారా? జట్టు గెలిచివుంటే, “నిన్న మనం ఎలా కొట్టాంరా!” అంటారు. ఓడిపోయివుంటే అదే నోటితో, “నిన్న వాళ్ళు ఏం ఆడారురా, ఛీ!” అంటారు. ఆడినవాళ్ళు రెండు రోజులూ ఆ పదకొండుమందే. మాట్లాడుతున్నవాడు ఏ రోజూ బ్యాటు పట్టుకోలేదు. మరి గెలిచిన రోజున ‘మనం’ ఎక్కడినుంచి వచ్చింది? ఓడిన రోజున ఎక్కడికి పోయింది?

ఇదేమంత ప్రశ్న అనిపించవచ్చు. కాని దీని వెంటబడి పరిశోధన చేసినవాళ్ళున్నారు. అది జరిగింది అమెరికాలో, కాలేజీ ఫుట్‌బాల్ అభిమానుల మధ్య. కనుక ముందు ఆ ఆట సంగతి రెండు మాటలు చెప్పుకోవాలి.

అమెరికావాళ్ళు ‘ఫుట్‌బాల్’ అనేది మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డులా కోలగా ఉండే బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తే ఆట అది. పేరులో కాలున్నా పని ఎక్కువగా చేతులదే! ఆ ఆట పెరిగింది కాలేజీల్లో. 1869 నవంబరు 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీలు ఆడిన పోటీని మొదటిదిగా లెక్కిస్తారు. డబ్బు పుచ్చుకుని ఆడే వృత్తి జట్ల పెద్ద సంఘం 1920లో గాని ఏర్పడలేదు. అప్పటికే యాభై ఏళ్ళుగా జనం కాలేజీ జట్లను తమ సొంతం చేసుకున్నారు. మిషిగన్ విశ్వవిద్యాలయం ఆటస్థలంలో లక్షమందికి పైగా కూర్చోవచ్చు. వాళ్ళలో ఆ విశ్వవిద్యాలయంలో ఒక్క పాఠమైనా వినని వాళ్ళు ఎందరో ఉంటారు. చదవకపోయినా జట్టు మాత్రం ‘తమదే’.

రాబర్ట్ చాల్డీని అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 1973లో ఏడు విశ్వవిద్యాలయాల్లో ఒక చిత్రమైన లెక్క తీశారు. పోటీలు సాధారణంగా శనివారం జరుగుతాయి. సోమవారం తరగతికి వచ్చిన విద్యార్థుల్లో ఎంతమంది తమ విశ్వవిద్యాలయం పేరో, గుర్తో ఉన్న బట్టలు వేసుకొచ్చారో వారం వారం లెక్కపెట్టారు. జట్టు గెలిచిన వారాల్లో అలాంటి చొక్కాలు ఎక్కువగా కనిపించాయి.

అసలు విశేషం ఆ తరువాత ఉంది. కొందరు విద్యార్థులకు ఫోను చేసి, సర్వే అని చెప్పి, కొన్ని ప్రశ్నలడిగారు. వాళ్ళు ఎలా జవాబిచ్చినా సరే, కొందరితో ‘మీరు చాలా బాగా చెప్పారు’ అనీ, మరికొందరితో ‘మీరు సరిగా చెప్పలేకపోయారు’ అనీ అన్నారు. ఆ తరువాత మాటల్లో మాటగా, “మొన్న మీ కాలేజీ ఆడిన పోటీ ఏమైంది?” అని అడిగారు. ‘సరిగా చెప్పలేకపోయారు’ అనిపించుకున్నవాళ్ళ మాటల్లో తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. జట్టు గెలిచిన పోటీ గురించైతే ‘మనం’ అన్నవాళ్ళు ఎక్కువ. గెలవని పోటీ గురించైతే చాలా తక్కువ. మనసుకు చిన్న దెబ్బ తగలగానే మనిషి చేయి జట్టు గెలుపువైపు చాస్తుందన్నమాట. లెక్కల్లో మార్కులు తగ్గిన రోజు సాయంత్రం మన జట్టు గెలుపు ఎందుకంత తియ్యగా ఉంటుందో ఇప్పుడు తెలిసిందా?

ఇంగ్లీషు విద్యార్థులకు ‘మనం’, ‘మేము’ రెంటికీ ఒకటే మాట. మన భాష అంతకంటె నేర్పైనది. ఎదుటివాణ్ణి కలుపుకుంటే ‘మనం’, విడిగా పెడితే ‘మేము’. తోటి అభిమానితో “మనం గెలిచాం” అంటాం. అవతలి జట్టు అభిమాని ముందు మాత్రం “మేం గెలిచాం” అంటాం. ఎవరు మనవాళ్ళో, ఎవరు కారో ఒక్క అక్షరం తేడాతో తేలిపోతుంది!

ఇదంతా అభిమానం ఏర్పడిన తరువాతి సంగతి. అసలది మొదట ఎలా పుడుతుంది?

ఇక్కడొక ఊరిని తీసుకుందాం. ఎన్టీఆర్ జిల్లాలో, తిరువూరుకు ఇవతల, ఎ.కొండూరు. అక్కడ ఎనిమిదేళ్ళ కుర్రవాడొకడు ఉన్నాడనుకోండి. పరిపాలన లెక్క ప్రకారం చూస్తే వాడి క్రికెట్ జట్టు 1953-54 నుంచి రంజీ పోటీల్లో ఆడుతూన్న ఆంధ్ర జట్టు. కాని దానికోసం అన్నం మానేసిన పిల్లవాణ్ణి నేనైతే చూడలేదు. మనవాడు కళ్ళనీళ్ళు పెట్టుకునేది సన్‌రైజర్స్ హైదరాబాద్ కోసం. హైదరాబాదు వాడికి రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దూరం. 2014 జూన్ 2 నుంచి వేరే రాష్ట్రం కూడాను. తిరువూరు దాటగానే సరిహద్దు వచ్చేస్తుంది. జట్టు యాజమాన్యం చెన్నైది. 2016లో కప్పు తెచ్చిన కెప్టెన్ డేవిడ్ వార్నర్, 2024లో ఫైనల్ దాకా నడిపించిన కెప్టెన్ పాట్ కమిన్స్, ఇద్దరూ ఆస్ట్రేలియావాళ్ళు. మరి ఇందులో ‘మన’ది ఏముంది?

పేరు ఉంది. ఆ పేరును ‘మన’దిగా పలికే ఇల్లు ఉంది. పిల్లవాడికి ఆట నియమాలు తెలిసేలోపునే, టీవీ ముందు నాన్నో, మామయ్యో, అన్నయ్యో ఎవరు అవుటైతే తల పట్టుకుంటున్నారో వాడు చూస్తాడు. మాతృభాషను ఎవరూ ఎంచుకోరు కదా! పుట్టిన ఇంట్లో వినపడింది కనుక వస్తుంది. తొలి జట్టు కూడా చాలామందికి అలాగే వస్తుంది. తీరిగ్గా కూర్చుని ఆటగాళ్ళ సగటు పరుగులు పోల్చి చూసి జట్టును ఎన్నుకున్నవాడు ఎక్కడైనా ఉంటే ఉండవచ్చు గాని, వాడు ఓటమికి ఏడుస్తాడని నేననుకోను.

ఇల్లు ఒక్కటే చాలదు. వయసు కూడా కుదరాలి. సేత్ స్టీవెన్స్-డేవిడోవిట్జ్ అనే పరిశోధకుడు 2014లో ఫేస్‌బుక్ లెక్కలు తీసుకుని, అమెరికాలో బేస్‌బాల్ జట్లకు ఏ సంవత్సరంలో పుట్టిన అభిమానులు ఎక్కువమంది ఉన్నారో చూశాడు. న్యూయార్క్ మెట్స్ అనే జట్టు రెండే రెండుసార్లు, 1969లో, 1986లో ఛాంపియన్ అయింది. ఆ రెండు సంవత్సరాల్లోనూ సుమారు ఏడెనిమిదేళ్ళ వయసున్న మగపిల్లలు, పెద్దయి ముప్పై, నలభై దాటాక కూడా, మిగిలిన వయసులవాళ్ళ కంటె ఎక్కువగా ఆ జట్టునే అభిమానిస్తున్నారు! ఇతర జట్ల విషయంలోనూ ఎనిమిదేళ్ళ ప్రాంతంలో చూసిన గెలుపు ముద్రే గట్టిదని తేలింది. ఆడవారి విషయంలో ఈ లెక్క ఇంత స్పష్టంగా రాలేదు. పైగా ఇది బేస్‌బాల్ లెక్క, అమెరికా లెక్క. అయినా మన సంగతి ఒకసారి ఊహించి చూడండి. 2009 మే 24న జొహానెస్‌బర్గ్‌లో డెక్కన్ ఛార్జర్స్ జట్టు బెంగుళూరుపై ఆరు పరుగుల తేడాతో గెలిచి కప్పు తీసుకుంది. ముందు సంవత్సరం ఎనిమిది జట్లలో ఆఖరి స్థానం దానిదే! అప్పుడు ఎనిమిదేళ్ళున్నవాళ్ళు, 2016 మే 29న సన్‌రైజర్స్ గెలిచినప్పుడు ఎనిమిదేళ్ళున్నవాళ్ళు మీ ఇళ్ళలో, వీధిలో ఉండే ఉంటారు. వాళ్ళను కదిలించి చూస్తే చాలు, చివరి ఓవరు బంతి బంతీ అప్పజెబుతారు.

ఇంతవరకు గోలీలాటలాంటి సరదా వ్యవహారమే. ఇకముందు కొంచెం బరువైనది.

హెన్రీ తాజ్‌ఫెల్ అనే శాస్త్రజ్ఞుడు పోలెండులో పుట్టిన యూదుడు. రెండవ ప్రపంచయుద్ధంలో ఫ్రెంచి సైన్యంలో ఉండి జర్మన్లకు చిక్కి ఖైదీ అయ్యాడు. విడుదలై వచ్చేసరికి తన కుటుంబంవాళ్ళు దాదాపు అందరూ హతులయ్యారని తెలిసింది. కొందరు మనుషులు మరికొందరిని ‘మనవాళ్ళు కారు’ అని ఎలా అనుకోగలుగుతారు? ఆయనను జీవితమంతా వేధించిన ప్రశ్న ఇదే. 1970 ప్రాంతంలో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో 14, 15 ఏళ్ళ స్కూలు కుర్రవాళ్ళతో ఒక ప్రయోగం చేశాడు. అంటే సరిగ్గా మీ వయసువాళ్ళే.

తెరమీద చుక్కలు చూపించి, ఎన్ని ఉన్నాయో చెప్పమన్నాడు. తరువాత, “నీవు ఎక్కువ అంచనా వేసేవాళ్ళలో ఉన్నావు, నీవు తక్కువ అంచనా వేసేవాళ్ళలో ఉన్నావు” అని చెప్పి రెండు జట్లు చేశాడు. నిజానికి ఆ విభజనకు చుక్కలతో సంబంధమే లేదు. తన జట్టులో ఇంకెవరున్నారో కూడా ఏ కుర్రవాడికీ తెలియదు. ఆపైన ఒక్కొక్కణ్ణీ విడిగా కూర్చోబెట్టి, మిగతావాళ్ళకు డబ్బు పంచమన్నాడు. తనకు తాను ఇచ్చుకోవడానికి మాత్రం వీల్లేదు. ఏం జరిగింది? తమ జట్టువాడనిపిస్తే చాలు, ఎక్కువ ఇచ్చారు. అంతకంటె వింత: తమ జట్టుకు కాస్త తక్కువ వచ్చినా ఫరవాలేదు, అవతలి జట్టుకు ఇంకా తక్కువ రావాలి అన్నట్టు పంచినవాళ్ళు చాలామంది! చుక్కల లెక్కతో ఏర్పడిన జట్టుకే ఇంత జరిగితే, ఇంట్లో నాన్న నేర్పిన జట్టు మాట వేరే చెప్పాలా?

‘మన’ జట్టు కంటిచూపును కూడా మారుస్తుంది. 1951 నవంబరులో ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ కాలేజీల మధ్య ఫుట్‌బాల్ పోటీ మొరటుగా సాగింది. ప్రిన్స్‌టన్ పేరుమోసిన ఆటగాడికి ముక్కు విరిగింది, డార్ట్‌మత్ ఆటగాడొకడికి కాలు విరిగింది. హాస్టార్ఫ్, కాంట్రిల్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ ఆట ఫిల్మును రెండు కాలేజీల విద్యార్థులకూ చూపించి, కనిపించిన తప్పులు రాయమన్నారు. డార్ట్‌మత్ జట్టు చేసిన తప్పులు ప్రిన్స్‌టన్ విద్యార్థుల లెక్కలో, డార్ట్‌మత్ విద్యార్థుల లెక్కకంటె రెట్టింపు పైగా తేలాయి. ఫిల్ము ఒకటే, కళ్ళే వేరు. వాళ్ళెవరూ అబద్ధం ఆడలేదు, నిజంగానే వాళ్ళకు అలా కనిపించింది. ఎల్బీడబ్ల్యూ దగ్గర అరుగుమీద మొదలయ్యే పోట్లాటలు తెల్లారినా ఎందుకు తెగవో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

శరీరానికి కూడా ఇందులో వాటా ఉంది. 1994 ప్రపంచకప్పు ఫుట్‌బాల్ ఫైనల్లో బ్రెజిల్, ఇటలీ తలపడ్డాయి. ఆ ఆటను టీవీలో చూస్తున్న మగ అభిమానుల లాలాజలాన్ని ఆటకు ముందూ తరువాతా పరీక్షించారు. గెలిచిన బ్రెజిల్ పక్షంవాళ్ళలో టెస్టోస్టెరోన్ అనే హార్మోను పెరిగింది, ఇటలీ పక్షంవాళ్ళలో తగ్గింది. కుర్చీలో కూర్చున్నవాడి రక్తం మైదానంలో ఉన్నట్టే నడుచుకుంది! కాబట్టి ఓడిన రాత్రి ఏడ్చే పిల్లవాడితో “వాళ్ళెవరో ఓడితే నీకేంట్రా?” అనడం బొత్తిగా న్యాయం కాదు.

మరి ఆ జట్టే లేకుండా పోతే? మన తెలుగువాళ్ళకు ఈ అనుభవం కొత్త కాదు. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పును హైదరాబాదు సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టే గెలుచుకుంది. దానికి శిక్షణ ఇచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం ఒక బడిపంతులు. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారతదేశం బంగారు పతకాలు గెలిచింది ఆయన శిక్షణలోనే; 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం కూడా ఆయన చలవే. 1963లో ఆయన పోయారు. ఇవాళ ఎ.కొండూరు మాట దేవుడెరుగు, హైదరాబాదులోనే ఎంతమంది పిల్లలకు ఆ జట్టు పేరు తెలుసు? తాతలు చూశారు. తరువాతి తరం ఎనిమిదేళ్ళ వయసులో చూడడానికి ఆ వైభవం మిగల్లేదు. గొలుసులో ఒక కడియం ఊడితే చాలు.

డెక్కన్ ఛార్జర్స్ కథ 2012లో ముగిసింది. మరుసటి ఏడాదే సన్‌రైజర్స్ వచ్చింది. యజమాని మారాడు, పేరు మారింది, రంగు మారింది. అయినా అభిమానులు చాలామంది ‘హైదరాబాదు’ అన్న మాట పట్టుకుని ఇటు వచ్చేశారు. దీనికి భిన్నంగా, 2019లో ఏర్పడి, 2022 మార్చి 20న కేరళ జట్టును ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఫుట్‌బాల్ జట్టు 2025లో ఢిల్లీకి తరలిపోయి, అక్కడి పేరే పెట్టుకుంది. ఈసారి పట్టుకోవడానికి పేరు కూడా మిగల్లేదు. 2022లో ఆ కప్పు చూసి మురిసిపోయిన ఎనిమిదేళ్ళ పిల్లలు ఏం చేస్తారు? ఢిల్లీ జట్టును ‘మనం’ అంటారా? ఆటగాడి వెంట పోతారా? కబడ్డీలో ఇలాంటి చిక్కే వచ్చింది. ఆరు సీజన్లు తెలుగు టైటన్స్‌కు ఆడిన రాహుల్ చౌదరి 2019లో తమిళ్ తలైవాస్‌కు వెళ్ళిపోయాడు. జట్టు పక్షమా, మనిషి పక్షమా అన్నది ఎవరికివారు తేల్చుకోవలసి వచ్చింది.

మీరు చేయదగిన ప్రయోగం ఒకటి ఉంది, పైసా ఖర్చు లేనిది. వచ్చే పోటీల కాలంలో ఒక నోటుపుస్తకంలో గళ్ళు గీయండి. పోటీ జరిగిన మర్నాడు పదిమంది స్నేహితులను “నిన్న ఏమైంది?” అని మాత్రమే అడగండి. ఎందుకు అడుగుతున్నారో చెప్పకండి, చెబితే జాగ్రత్తపడి మాట్లాడతారు. గెలిచిన రోజు ‘మనం’ ఎన్ని, ‘వాళ్ళు’ ఎన్ని, ఓడిన రోజు ఎన్ని, రాసుకోండి. అన్నీ అయ్యాక, తమ జట్టు గెలవగా మొదటిసారి చూసింది ఎన్నో ఏట అని కూడా అడిగి పక్కన వేయండి. ‘మేము’ అన్నవాళ్ళకు మాత్రం వేరే గడి పెట్టండి. వాళ్ళు మీతో అలా అన్నారంటే, మిమ్మల్ని ఏ జట్టులో వేసుకున్నారో తెలిసినట్టే.