రంగూను ఓడ ఎక్కినవారు

బరంపురమునకు 16 కిలోమీటర్ల దూరమున, సముద్రతీరమున గోపాలపురము రేవు కలదు. నేడు అచటికి పోవువారు చల్లగాలి కొరకును, దీపస్తంభమును చూచుటకును పోవుచున్నారు. రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వము ఆ యిసుకపై మూటాముల్లెలతో కూర్చుండినవారు వేరు. వారు రంగూను ఓడకై వేచియుండిన కూలిజనము. గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలముల తెలుగువారును, గంజాము ఒడియావారును కూడ తూర్పుతీరపు రేవులనుండి బర్మాకు పోయిరి. 1936 ఏప్రిలు 1వ తేదీన గంజాము మద్రాసు రాజధానిని వీడి ఒరిస్సాలో చేరెను. ఆ సరిహద్దును గూర్చి ఉభయ భాషలవారును సభలలో వాదించుకొనిరి గాని, ఓడ డెక్కుపై పేదవారు ప్రక్కప్రక్కనే పండుకొనిరి.

ఆనాడు గోపాలపురమున ఓడ ఒడ్డునకు చేరు వసతి లేకుండెను. స్టీమరు దూరమున లంగరు వేసి నిలిచెడిది. ఇనుపమేకు లేకుండ కొబ్బరినార త్రాళ్లతో పలకలను కుట్టి కట్టిన మసూలా పడవలలో జనులు కెరటములను దాటి దానిని చేరవలసియుండెను. డెక్కు ప్రయాణికునకు గది లేదు, పడక లేదు. పరచుకొన్న చాపయే అతని స్థలము. అపాయమును తక్కువ కాదు. 1902 మే నెలలో మద్రాసునుండి రంగూనునకు పోవుచుండిన కమోర్టా అను స్టీమరు ఐరావతీ ముఖద్వారప్రాంతమున తుపానులో మునిగిపోగా, అందలి 737 మందియు మరణించిరి.

అయినను ఓడ యెక్కువారు తగ్గలేదు. రంగూనులో వరిమిల్లులు, రేవుపని, రిక్షాలు, పాకీపని వారికొరకు ఎదురుచూచుచుండెను. 1931 జనాభా లెక్కలనాటికి ఆ నగరవాసులలో సగమునకు మించినవారు భారతీయులే. పలువురు మేస్త్రీవద్ద ముందుగా సొమ్ము పుచ్చుకొని పోయినవారగుటచే, కూలి చేతికి రాకముందే అప్పు మొదలయ్యెడిది. 1930 మే నెలలో రేవున తెలుగు కూలీలు కూలి హెచ్చింపుమని సమ్మె చేసిరి. యజమానులు బర్మీయులను పనిలో పెట్టుకొనిరి. రాజీ కుదిరినంతనే వారిని పంపివేసిరి. రెండు పేదజాతులు వీథులలో ఒకరినొకరు చంపుకొనుటకు ఇది కారణమాయెను.

ఇచట గమనింపదగిన విషయమొకటి కలదు. పరదేశములకు పోవు కూలీల రక్షణకై 1922లో వలసల చట్టము చేయబడినది. కాని 1937 వరకు బర్మా భారతదేశమున నొక భాగమే యగుటచే, సముద్రము దాటిన గంజాము కూలి చట్టము దృష్టిలో దేశము విడిచినవాడు కాడు. ఆ రక్షణ అతనికి వర్తింపలేదు. రంగూనులో మాత్రము అతడు పరదేశియే. స్వదేశమని చట్టమును, విదేశమని జనమును అతనిని త్రోసివేసినవి.

ఉత్తర ఐరోపాలోని స్టాక్‌హోము నగరమున సాయంకాలము బయలుదేరు ఓడ మరునాటి యుదయమునకు హెల్సింకి చేరును. నేడు అది వినోదయాత్ర. కాని రెండవ యుద్ధానంతర దశకములలో ఆ సముద్రమును దాటి స్వీడనులో ఫ్యాక్టరీపనికి పోయిన ఫిన్నులు లక్షలకొలది. వారును పేదవారే, భాష తెలియక అవమానములు పడినవారే. అయినను 1954లో ఆ దేశములు చేసికొన్న ఒడంబడికచే వారికి పనిచేయుటకు ప్రత్యేకానుమతి అక్కరలేకపోయెను. 1955 నాటి మరియొక ఒడంబడిక సాంఘిక భద్రతను గూడ సమకూర్చెను. వారిలో అనేకులు తిరిగి యిల్లు చేరిరి. ఆ యాత్రకు గౌరవము కలిగించినది ఓడ కాదు. ఆవలి గట్టున వారికై వేచియుండిన చట్టము.

మనవారికి వేచియుండినది వేరు. 1941 డిసెంబరులో జపాను బాంబులు రంగూనుపై పడినవి. ఓడలో చోటు దొరకని లక్షలాది జనము అడవులగుండ, కొండలగుండ నడచి వచ్చిరి. వేలకొలది త్రోవలో రాలిపోయిరి. 1964లో బర్మా ప్రభుత్వము వర్తకమును జాతీయము చేయగా, మిగిలినవారిలో పలువురు కట్టుబట్టలతో తిరిగివచ్చిరి. విశాఖపట్టణమున బర్మాక్యాంపు అను పేరు నేటికిని వినవచ్చుచున్నది.

గోపాలపురమున నేడు ఆధునికమైన రేవు కలదు. అది సరకుల రేవు. గంజాము కూలి ఇపుడు బరంపురమున రైలెక్కి సూరతు మగ్గములకు పోవుచున్నాడు. అన్యరాష్ట్రములకు పోవు కూలీలకై 1979లో చట్టము వచ్చెను. అయినను 2020లో లాక్‌డౌను విధింపబడినపుడు, ఊరు చేరుటకు అల్లాడిన జనములో ఎందరి పేర్లు ఏ పట్టికలోను లేవో దేశమెల్ల చూచినది. మరల స్వదేశమే, మరల పరదేశియే.

ఏటేట కార్తిక పూర్ణిమనాడు ఒరిస్సాలో చిన్నపడవలను నీట విడిచి, పూర్వకాలపు కళింగ వర్తకులను స్మరింతురు. అది మంచి ఆచారము. ఆ నీటనే నిన్నమొన్నటివరకు డెక్కుపై పోయినవారికి మాత్రము ఏ దీపమును లేదు. వారి మనుమలు బరంపురమునను, శ్రీకాకుళమునను, విశాఖపట్టణమునను ఉన్నారు. వారి యిండ్లలోని పాత టిక్కెట్లు, ఉత్తరములు, ముసలివారి మాటలు పోగుచేయుట మన కళాశాలలకు శక్తికి మించిన పని కాదు. సూరతు రైలెక్కువాని పేరు ఈ కొసను, ఆ కొసను గూడ వ్రాసియుంచుట ప్రభుత్వములకును శక్తికి మించిన పని కాదు. మొదటిది ఋణము తీర్చుట. రెండవది అట్టి ఋణము మరల పడకుండుట.