జూన్ 1న నోటీసు, జూన్ 21న పట్టా

విదేశీ చదువుల సీజన్ వస్తోంది, బరంపురం వైపు నుంచి వెళ్లే పిల్లలు అక్కడ ఎలా కుదురుకుంటున్నారో ముఖచిత్ర కథనం రాయమన్నారు ఎడిటర్. గురువారానికల్లా కాపీ కావాలన్నారు. వీసాలు, అద్దె గదులు, చలికోట్లు రాద్దామనే కూర్చున్నాను. కానీ ఆ ఊరి విద్యార్థి ఒకాయన నూరేళ్లకు పైగా వెనక అందుకున్న ఒక నోటీసు నన్ను వదల్లేదు.

1916 జూన్ 1న డబ్లిన్‌లో అందింది ఆ నోటీసు. జులై 1లోగా ఐర్లండ్ విడిచి వెళ్లాలన్నది ఆదేశం. అందుకున్నది వరాహగిరి వెంకటగిరి, తర్వాతి కాలంలో మన రాష్ట్రపతి. ఈ సంగతి ఆయనే తర్వాత చెప్పుకున్నారు. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు. యూనివర్సిటీ కాలేజీలో బీఏ సగంలో ఉంది, కింగ్స్ ఇన్స్‌లో న్యాయవిద్య చివరికొచ్చింది. బయట మహాయుద్ధం. అంతకు ముందు ఏడాదే ఐర్లండ్ తీరంలో లూసిటానియా ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. ఇంటికి రావాలంటే అలాంటి సముద్రమే దాటాలి.

జూన్ 21న ఆయనకు ఐర్లండ్‌లో బారిస్టర్ పట్టా దక్కింది. గడువుకు ఇంకా పది రోజులుంది. బీఏ మాత్రం అలాగే ఉండిపోయింది. పొమ్మన్న దేశమే న్యాయవాదిగా గుర్తించి మరీ పంపింది. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తుంటే, ఆ ఇరవై రోజులూ ఆయన పుస్తకం ముందు ఎలా కూర్చోగలిగారా అనిపిస్తుంది నాకు.

నేపథ్యం గబగబా చెప్పేస్తాను. గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. తండ్రి జోగయ్య పంతులు పేరున్న వకీలు. చదువు కళ్లికోట కాలేజీలో. బరంపురం ఉన్న గంజాం జిల్లా అప్పుడు మద్రాసు రాజధానిలోది, ఒడిశాలో కలిసింది 1936లో. 1909లో లండన్‌లో బ్రిటిష్ అధికారి కర్జన్ వైలీ హత్య జరిగాక అక్కడి భారతీయ విద్యార్థులపై నిఘా పెరిగింది. అలాంటి రోజుల్లోనే, 1913లో, గిరి డబ్లిన్ చేరారు.

ఆయన చేరిన ఏడాదే ఆ ఊళ్లో యజమానులు యూనియన్ కార్మికులను వేల సంఖ్యలో పనుల్లోంచి గెంటేశారు. నెలల తరబడి నడిచిన ఆ లాకౌట్‌లో కార్మికుల వైపు నిలిచిన నాయకుల్లో జేమ్స్ కానలీ ఒకరు. ఆయనతో గిరికి పరిచయమైంది. గిరి కాలేజీలో ఇంగ్లీషు చెప్పిన థామస్ మక్‌డొనా ఐరిష్ స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టినవాడు. మన విద్యార్థులు దక్షిణాఫ్రికాలో భారతీయులు పడుతున్న బాధల మీద కరపత్రం వేస్తే, అది నిఘా విభాగం చేతికి చిక్కింది. పోలీసుల కళ్లు వీళ్ల మీద పడ్డాయి. 1916లో బ్రిటిష్ పాలనపై లేచిన ఈస్టర్ తిరుగుబాటును అణిచివేశాక మే 3న మక్‌డొనాను, 12న కానలీని కాల్చి చంపారు. పాఠం చెప్పిన మాస్టారిని కాల్చేసిన నెల తిరక్కముందే శిష్యుడి చేతికి నోటీసు!

తిరుగుబాటులో గిరి నేరుగా పాల్గొన్నారన్న కథను నేను నమ్మను. నాకు కనిపించేది పరిచయాలు, సానుభూతి. అదేం తక్కువ కాదు. పరాయి ఊళ్లో కుదురుకోవడమంటే తల వంచుకుని చదువుకుని రావడమేనని మన ఇళ్లలో పెద్దలు చెబుతారు. ఆ ఊరి కష్టం తనదనుకున్నప్పుడే గిరి అక్కడివాడయ్యారని నా నమ్మకం.

ఇక్కడికొచ్చాక మద్రాసు హైకోర్టులో న్యాయవాదిగా నమోదయ్యారు. తర్వాత కార్మికుల్లోకి వెళ్లిపోయారు. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మెను నడిపించారు. బరంపురం స్టేషన్ మీదుగా వెళ్లే లైను కూడా అప్పట్లో ఆ కంపెనీదే.

బాక్స్: ఇంకొన్ని సంగతులు

1914లో లండన్‌లో గాంధీని కలిసినప్పుడు, ఆయన మాట మీద గిరి రెడ్‌క్రాస్ సేవకు ఒప్పుకున్నారు. తర్వాత మనసొప్పక మానుకోగా, గాంధీ ఆ మాట నుంచి విడిపించారు.

గిరి 1969 నుంచి 1974 దాకా రాష్ట్రపతి. 1975లో భారతరత్న. బరంపురంలో గిరి రోడ్డు ఆయన పేరు మీదే ఉంది.

ఈ ఏడాది డబ్లిన్ వెళ్లే పిల్లలకు: దిగాక ఇమిగ్రేషన్‌లో పేరు నమోదు చేయించుకోవాలి, రుసుము 300 యూరోలు. తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. పీజీ అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి రెండేళ్ల దాకా ఉండనిస్తారు.