కొమ్మ కొట్టిన చోటే చిగురు

ఫిబ్రవరి ఆఖర్లో బూర్గంపాడు దాటి అడివి వైపు నడిస్తే దారికి రెండు పక్కలా మోకాలెత్తు పొదలు నరికేసి కనిపిస్తాయి. కొత్తవాళ్లు వంటచెరకు కోసమేమో అనుకుంటారు. అవి తునికి మొక్కలు. నరికింది ఆకు కోసమే. ఈ పనిని కొమ్మ కొట్టడం అంటారు. ముదురు కొమ్మ మీది ఆకు మందంగా, పురుగు తిన్న చిల్లులతో ఉంటుంది. బీడీకి చుడితే చిట్లిపోతుంది. కొమ్మ కొట్టేస్తే వేరు దాచుకున్న బలమంతా చిగురులోకి తన్నుకొస్తుంది. నెలన్నర తిరిగేసరికి మెత్తటి, వెడల్పాటి కొత్త ఆకు. ఏప్రిల్, మే నెలల్లో తెల్లారకముందే వెళ్లి దాన్ని తెంపుకొచ్చి, 50 ఆకులకొక కట్ట కట్టి, కల్లంలో అప్పజెబుతారు. 1000 కట్టలైతే ఒక స్టాండర్డ్ బ్యాగు. అడివి పక్క ఊళ్లలో ఎన్నో ఇళ్లకు ఎండాకాలం చేతిలో ఆడే డబ్బు ఇదే. మొక్కను చంపాలనుకుని ఎవరైనా కొమ్మ కొడితే మాత్రం అంతకంటే దండగమారి పని లేదు.

మా పెద్దనాన్న చాలా ఏళ్లు ఎండాకాలంలో కల్లెదారుగా పనిచేశాడు. వచ్చిన కట్టలు లెక్కపెట్టడం, వరసలుగా ఎండకు పరచడం, రెండు మూడు రోజులకోసారి తిరగెయ్యడం, ఎండాక పొడిపొడి కాకుండా నీళ్లు చిలకరించి గోనెసంచుల్లోకి ఎక్కించడం ఆయన పని. చెవి మీద ఒక బీడీ, చొక్కా జేబులో ఒక కట్ట. ఆకుల కట్టలు లెక్కపెడుతూ రోజుకు రెండు బీడీకట్టలు ఖాళీ చేసేవాడు.

ఒక ఏడాది ఆయన హైదరాబాద్ వెళ్లి కంటి శుక్లానికి ఆపరేషన్ చేయించుకున్నాడు. పొగ, దుమ్ము తగలకూడదన్నారు. నలభై రోజులు కూతురింట్లోనే. మొదటి వారం ఇంటిల్లిపాదినీ సాధించాడు. నిద్ర లేదు, అన్నం వడ్డిస్తే ఉప్పు లేదంటాడు, టీవీ పెడితే చప్పుడంటాడు. రెండో వారానికి కాస్త దిగాడు. మూడో వారానికి బీడీ మాటే ఎత్తలేదు. పీడ విరగడైందని అక్క పొంగిపోయింది.

నలభై ఒకటో రోజున బస్సు పాల్వంచ దాటి సారపాకలో ఆగింది. దిగి, చేతిసంచి కిందపెట్టి, సెంటర్లో టీకొట్టు వైపు చూశాడు. చెయ్యి చొక్కా జేబులోకి పోయింది. జేబు ఖాళీ. "నేను పోనియ్యలేదురా, అదే పోయింది" అంటాడు ఆ సంగతి అడిగితే. ఆ సాయంత్రానికి బూర్గంపాడులో ఒక కట్ట విప్పాడు. మనసు గట్టిది కాదని ఇంట్లో అందరూ అన్నారు. నేనూ అన్నాను. అది తప్పని తెలియడానికి నాకు చాలా చదువు పట్టింది.

ఆయన్ను పట్టుకున్నవి రెండు. వాటిలో ఒకటి నికోటిన్. పొగ పీల్చిన పది, ఇరవై సెకన్లలో అది మెదడుకు చేరుతుంది. అక్కడ అది వచ్చి వాలే చోట్లుంటాయి, వాటిని గ్రాహకాలంటారు. రోజూ తాగేవాడి మెదడులో ఈ గ్రాహకాల సంఖ్య పెరిగిపోతుంది. రక్తంలో నికోటిన్ మాత్రం దాదాపు రెండు గంటలకోసారి సగానికి పడిపోతుంది. అందుకే రాత్రి పడుకుని లేచేసరికి ఆ గ్రాహకాలన్నీ ఆకలిమీద ఉంటాయి, పొద్దున తాగే మొదటి బీడీకి అంత రుచి. మానేసినప్పుడు చిరాకు, నిద్రలేమి మొదటి వారంలోనే ముదురుతాయి. రెండు నుంచి నాలుగు వారాల్లో చల్లబడతాయి. పెరిగిన గ్రాహకాలు కూడా ఆరు నుంచి పన్నెండు వారాల్లో మామూలు లెక్కకు దిగుతాయని మెదడు స్కాన్లలో చూశారు. అంటే నలభై రోజులకు పెద్దనాన్న ఒంట్లో ఈ యుద్ధం చాలావరకు ముగిసింది.

అన్నట్టు బీడీ చిన్నదే కదా, సిగరెట్‌తో పోలిస్తే ఎంత అనేవాళ్లున్నారు. నిజమే, బీడీలో పొగాకు సిగరెట్‌లో ఉన్నదానికంటే చాలా తక్కువ. అయితే తునికాకు కాగితంలా గాలి పోనివ్వదు, సరిగా అంటుకుని ఉండదు కూడా. ఆరిపోకుండా ఉండాలంటే మాటిమాటికీ, గట్టిగా పీల్చాలి. అలా పీల్చినప్పుడు ఒంట్లోకి చేరే నికోటిన్, తారు, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్‌కు తీసిపోవు, చాలాసార్లు మించుతాయి. మెత్తగా ఉండాలని అంత కష్టపడి చిగురింపజేసిన ఆకు చేసే పని ఇది.

రెండోది సారపాక సెంటర్. దీన్ని అర్థం చేసుకోవడానికి కోతుల దగ్గరికి పోవాలి. వోల్‌ఫ్రామ్ షుల్జ్ అనే శాస్త్రవేత్త 1990లలో కోతుల మెదడులో డోపమిన్ కణాలను గమనించాడు. నోట్లో పండ్లరసం చుక్క పడగానే ఆ కణాలు చురుగ్గా మోగేవి. రసం ఇచ్చేముందు ప్రతిసారీ ఒక దీపం వెలిగించడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకు ఆ మోత రసం నుంచి దీపానికి మారింది. రసం పడ్డప్పుడు కణాలకు అది కొత్త సంగతి కాదు, దీపం వెలగడమే సంగతి. మనిషిలోనూ అంతే. అన్నం తిని చెయ్యి కడుక్కున్న క్షణం, టీ గ్లాసు వేడి, కల్లంలో ఎండుతున్న ఆకు వాసన, ఎదురొచ్చే ఫలానా స్నేహితుడు: ఇవన్నీ దీపాలే. ఒకే పనిని చాలాకాలం మళ్లీ మళ్లీ చేస్తే అది మెదడు లోపలి స్ట్రయేటమ్‌కు అప్పగింత అయిపోతుంది. సైకిల్ తొక్కేటప్పుడు కాళ్లను మనం ఆలోచించి తిప్పం కదా, చెయ్యి జేబులోకి పోవడమూ అలాంటిదే. హైదరాబాద్‌లో అక్క ఇంటి మూడో అంతస్తులో ఒక్క దీపం కూడా లేదు. అక్కడ ఆయన మానలేదు, వెలిగించేవాళ్లు లేక ఊరుకున్నాడు.

మానడమంటే చెరిపెయ్యడం కాదన్న సంగతి పావ్‌లోవ్‌కే తెలుసు. గంట కొట్టి తిండి పెట్టకుండా ఉంటే కుక్కకు చొంగ కారడం ఆగిపోయేది. కొంత విరామం ఇచ్చి మళ్లీ గంట కొడితే చొంగ తిరిగొచ్చేది. తర్వాత అమెరికాలో మార్క్ బౌటన్ ఎలుకల మీద దీన్ని తేటతెల్లం చేశాడు. ఒక గదిలో నేర్చుకున్నదాన్ని వేరే గదిలో మాన్పించి, మళ్లీ మొదటి గదిలో వదిలితే పాత అలవాటు మేలుకుంటుంది. కొత్తగా నేర్చుకున్న 'వద్దు' ఆ రెండో గదికే అతుక్కుని ఉంటుంది. పాతది అడుగున అలాగే ఉంటుంది, తునికి వేరు లాగా.

తలకిందులుగా ఇదే కథ వియత్నాం నుంచి వచ్చిన అమెరికా సైనికులది. 1971లో తిరిగొచ్చినవాళ్లలో ఐదోవంతు మంది అక్కడ హెరాయిన్‌కు బానిసలయ్యామని చెప్పారు. లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు ఇళ్లకు తిరిగొచ్చిన వాళ్లను వెతికి పట్టుకుని చూస్తే, అలాంటివాళ్లలో మొదటి ఏడాదిలో మళ్లీ బానిసలైంది 5 శాతమే. ఆమె లెక్క తప్పని చాలామంది గొడవపెట్టారు. వాళ్ల అలవాటు యుద్ధభూమిలో పుట్టింది, ఊళ్లో దానికి దీపాలు లేవు. మా పెద్దనాన్నది ఊళ్లోనే పుట్టింది. అదీ తేడా.

ఇంత దూరం పోనక్కర్లేదు. ఏటా కార్తీకం రాగానే మన ఊళ్లలో ఈ ప్రయోగం జరుగుతూనే ఉంది. అయ్యప్ప మాల వేసుకున్న మనిషిని చూడండి. నిన్నటిదాకా రోజూ మందు, బీడీ. ఇవాళ నల్లబట్టలు, చెప్పుల్లేని కాళ్లు, తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, చాప మీద పడక, సాయంత్రం భజన. పేరు పోయింది, పెళ్లాం పిల్లలతో సహా అందరికీ ఆయన 'స్వామి'. అలవాటైన కిళ్లీకొట్టువాడు అడిగినా బీడీ ఇవ్వడు, "తప్పు స్వామీ" అంటాడు. వేళలు మారాయి, తోడు మారింది, బట్టలు మారాయి, పిలుపు మారింది. దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. 41 రోజులు ఏ డాక్టరూ చేయించలేని పని జరిగిపోతుంది. నేను భక్తుణ్ని కాను గానీ, అలవాట్ల మీద పనిచేసేవాళ్లు కూర్చుని గీసినా ఇంతకంటే మంచి పథకం గీయలేరని నా అనుమానం. దాని లోపమూ అక్కడే ఉంది. మాల తీసిన రోజున పాత బట్టలు, పాత పేరు, పాత కొట్టు ఒక్కసారిగా తిరిగొస్తాయి. 'స్వామి తాగడు' అన్నది మాలతోపాటే కొండ మీద ఉండిపోతుంది. మాల తీశాక కూడా ఆ వేళల్లో, ఆ తోడులో రెండు మూడు ముక్కలు దాచుకున్నవాళ్లు నిలబడటం నేను చూశాను.

21 రోజుల్లో అలవాటు మారుతుందని వాట్సాప్‌లో తిరిగే మాట పట్టించుకోకండి. 1960లో మాక్స్‌వెల్ మాల్ట్స్ అనే ప్లాస్టిక్ సర్జన్ తన రోగులు కొత్త ముఖానికి అలవాటుపడటానికి కనీసం అన్ని రోజులు పడుతుందని రాసుకున్నాడు, 'కనీసం' రాలిపోయి అంకె మిగిలింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనిస్తే ఒక కొత్త పని అలవాటుగా కుదురుకోవడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా అంచనా తేలింది. అందులో నాకు నచ్చిన సంగతి మరొకటి ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టమేమీ జరగలేదు.

తోడు ఎంత పనిచేస్తుందో మన తెలుగు నేల మీదే ఒక గట్టి రుజువుంది. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లు చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చేవారు. అడ్డపొగ అంటారు. గాలికీ, నీటి తుంపరకూ ఆరిపోదు, ఎక్కువసేపు వస్తుంది, చేతులకు పని ఆగదు. అంగిలి మాత్రం రోజూ కాలుతుంది. బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ నుంచి ఫలీ మెహతా, డెన్మార్క్ నుంచి జెన్స్ పిండ్‌బోర్గ్ బృందం 10,169 మంది గ్రామస్థుల నోళ్లు తెరిపించి చూసి, అంగిలి మీది మార్పులను 1971లో ప్రచురించారు. తర్వాత మెహతా, ప్రకాశ్ గుప్తా తదితరులు ఇంకో అడుగు వేశారు. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ జిల్లాల్లో 36,000 మందికి పైగా పొగాకు వాడేవాళ్లను ఎంచుకుని ఏటేటా ఇళ్లకు వెళ్లారు. నోరు పరీక్షించి, ఆ మనిషికి తన నోట్లో ఏముందో తనకే చెప్పారు. ఊళ్లో సినిమాలు వేశారు, పోస్టర్లు అంటించారు. అలా చెప్పిన చోట మానినవాళ్లు పెరిగారు, నోటిలో క్యాన్సర్‌కు ముందు వచ్చే మార్పులు కొత్తగా పుట్టడం తగ్గింది. మందుబిళ్ల లేదు. ఏటా గుమ్మంలోకి వచ్చి పలకరించే మనిషి ఉన్నాడు.

అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ ఊళ్లో 1971 నుంచి 2003 దాకా 12,067 మంది పొగ చరిత్రను నికొలస్ క్రిస్టాకిస్, జేమ్స్ ఫౌలర్ తవ్వి తీశారు. భార్యో భర్తో మానేస్తే రెండోవాళ్లు తాగే అవకాశం 67 శాతం తగ్గింది. స్నేహితుడు మానేస్తే 36 శాతం. జనం ఒక్కొక్కరుగా కాదు, గుంపులు గుంపులుగా మానేశారు. చెడు సావాసం అంటుకుంటుందని ఇంట్లో పెద్దలు చెప్పేదానికి రెండో వైపు ఇది.

పెద్దనాన్న మానిందీ అలాగే, రెండేళ్ల తర్వాత. సాయంత్రం టీ దగ్గర ఆయనకు జోడీ ఒకాయన ఉండేవాడు, కాగితం మిల్లులో చేసి రిటైరయ్యాడు. ఆయనకు దగ్గు తగ్గక ఎక్స్‌రే తీయిస్తే డాక్టరు గట్టిగా చెప్పాడు. "నువ్వు తాగుతుంటే నా ముందు కూర్చోకు" అన్నాడట ఆయన పెద్దనాన్నతో. ఇద్దరూ కొట్టు మానేసి గోదావరి గట్టు మీద నడక మొదలుపెట్టారు. టీ ఇంట్లోనే. మొదటి రెండు నెలలు డాక్టరు చెప్పిన నికోటిన్ గమ్ నమిలారు. అది ఒంటి ఆకలికి. ఫోన్‌లో మాట్లాడి ధైర్యం చెప్పేవాళ్లు కావాలంటే కేంద్ర ప్రభుత్వ క్విట్‌లైన్ 1800-11-2356 ఉంది, ఉచితం. మధ్యలో ఒక పెళ్లిలో పెద్దనాన్న జారాడు, మర్నాడు మళ్లీ నడకకు వెళ్లాడు. అరవై దాటాక మానితే ఏం లాభం అని పెద్దమ్మ దెప్పేది. బ్రిటిష్ డాక్టర్లను 1951 నుంచి యాభై ఏళ్లు గమనించిన రిచర్డ్ డాల్ లెక్క నేనే ఆమెకు చెప్పాను. అరవైలో మానినా సగటున మూడేళ్ల ఆయుష్షు మిగులుతుంది, నలభైలో మానితే తొమ్మిదేళ్లు. "ఆ మూడేళ్లూ నన్నే సాధిస్తాడు" అంది.

అన్నిటికంటే తెలివైన పని మాత్రం పెద్దనాన్న తనంతట తనే చేశాడు. టైలర్ దగ్గరికి పోయి ఇకమీద చొక్కాలకు జేబులు కుట్టొద్దన్నాడు. ఫోన్ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇప్పటికీ సణుగుతుంటాడు. అయినా సారపాకలో బస్సు దిగగానే చెయ్యి గుండెల మీదికి పోతుంది. అక్కడ ఉత్త గుడ్డ తగిలి, ఒక్క క్షణం ఆగి, కిందికి దిగుతుంది. చూసినవాళ్లు ఏటి అవతల రాములవారికి దణ్ణం పెట్టుకుంటున్నాడనుకుంటారు.