బస్తర్ పిల్లాడికి రానిది లెక్కా, భాషా?

పిల్లాడు బడిలో నోరు విప్పడు. బోర్డు మీద రాసింది చదవడు. ‘వీడికి చదువు రాదు’ అని తేల్చేస్తారు. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో ఆ మాట అనే ముందు ఒక విషయం చూడాలి. అర్థం కానిది పాఠమా, పాఠం చెప్పే భాషా?

అక్కడి ఆదివాసీ ఇళ్లలో గోండీ, హల్బీ, దొర్లీ లాంటి భాషలు మాట్లాడతారు. బడిలో హిందీ. గోండీలో నీళ్లను ‘ఏర్’ అంటారు. పుస్తకంలో అది ‘పానీ’. గోండీ తెలుగులాగే ద్రావిడ భాష, హిందీ వేరే కుటుంబానికి చెందింది. అంటే గోండు పిల్లలు తెలియని భాషనూ, ఆ భాషలో చదవడం రాయడాన్నీ ఒకేసారి నేర్చుకోవాలి.

ఇది మన సమస్య కూడా. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక హింసకు భయపడి వేలాది మంది బస్తర్ నుంచి తెలుగు ప్రాంతాలకు వలస వచ్చారు. వారినే ఇక్కడ గుత్తికోయలు అంటున్నారు. భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాల్లో వారి పిల్లలకు బడి భాష తెలుగు.

సాధ్యమైనంత వరకు మాతృభాషలోనే బోధించాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. బడి మానేసిన పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షన్ చెబుతోంది. తల్లిదండ్రులు దీన్ని హక్కుగా అడగవచ్చు.

టీచర్ ముందుగా చేయగలిగింది చిన్న పరీక్ష. అదే లెక్కను ఇంటి భాష తెలిసిన వారితో, ఇప్పకాయలో గులకరాళ్లో పెట్టి నోటితో అడిగించాలి. జవాబు వస్తే లెక్క వచ్చినట్టే, అడ్డుపడింది భాషే. అప్పుడు రెండు భాషలూ వచ్చిన పిల్లాడిని పక్కన కూర్చోబెట్టాలి. ముందు మాటలు, కథలు, ఆ తర్వాతే అక్షరాలు. ఇప్పపూల, తునికాకు సీజన్లలో బడికి రాని రోజుల పాఠాలు మళ్లీ చెప్పాలి. ఇంటి భాషలోనూ జవాబు రాకపోతే చూపు, వినికిడి పరీక్ష చేయించాలి.

తల్లిదండ్రులు ఇంట్లో గోండీ మానేయాల్సిన పని లేదు. ఆ భాషలో ఎన్ని కబుర్లు చెబితే పిల్లల ఆలోచన అంత పదునెక్కుతుంది. ‘మొద్దు’ అనే ముద్ర పడిన పిల్లలే ముందుగా బడి మానేస్తారు. ఆ ముద్ర వేయకముందే ఈ చిన్న పరీక్ష జరగాలి.